టమోటాకు నొప్పేస్తుందా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారిలో ఒక పాత ప్రశ్న

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఎనిమిదేళ్ళ పిల్లోడి ప్రశ్నతో మొదలైంది. వాడు నా మేనల్లుడు. మా అక్కవాళ్ళది పుంగనూరు పక్కన చిన్న పల్లె. పోయినేడు జాతరకు వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో ఒక పొట్టేలు ఉంది. ఆరు నెలలుగా దానికి ఆకు కోసుకొచ్చి వేసింది వీడే. బడి నుంచి రాగానే బ్యాగు పడేసి నేరుగా దాని దగ్గరికే పోయేవాడంట. జాతర రోజు దాన్ని కోశారు. సాయంత్రం అందరూ భోజనాల దగ్గర ఉంటే వీడొచ్చి నా పక్కన కూర్చుని, "మామా, దానికి నొప్పేసిందా?" అని అడిగాడు.

నేను వెంటనే "లేదు నాయనా, టక్కున అయిపోయింది. దానికి తెలీనే తెలీదు" అన్నాను. వాడు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

పక్కనే ఉన్న మా బావవాళ్ళ చిన్నాయన ఊరుకోలేదు. "పొట్టేలుకేనా నొప్పి? మొక్కకు నొప్పి లేదా? మీ అమ్మ చేసిన పప్పులో టమోటా ఏడవలేదా? మొక్కలకు ప్రాణముందని జగదీశ్ చంద్రబోస్ ఎప్పుడో చెప్పలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లోడు మాత్రం నవ్వలేదు.

ఆ రోజు వాడు రెండు జవాబులు విన్నాడు. ఒకటి, ఎవరికీ నొప్పి లేదు. రెండోది, అందరికీ నొప్పి ఉంది. చూడ్డానికి ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. కానీ రెండూ చేసే పని ఒక్కటే: అడిగినోడి నోరు మూయించడం. అందుకే ఈ ప్రశ్నకు ఇన్నేళ్ళలో ఎవరెవరు ఏమేం జవాబు చెప్పారో వెతుకుతూ పోయాను. అలా వెతుకుతుంటే ఈ కథలో చాలా భాగం మన పడమటి చిత్తూరు దారిలోనే దొరికింది. మదనపల్లెలో మొక్క, పుంగనూరులో ఆవు, కుప్పంలో ఏనుగు. పదండి, ఆ దారిలోనే పోదాం.

మదనపల్లె: టమోటా, టాగోర్, బోస్

మదనపల్లె అనగానే మనకు గుర్తొచ్చేది టమోటా మార్కెట్. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటి. సీజన్లో పొద్దున్నే వెళ్తే క్రేట్ల మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. ధర ఉంటే రైతు ముఖంలో వెలుగు. ధర పడితే అదే కాయ రోడ్డు పక్కన కుప్ప. టమోటాకు నొప్పి ఉందో లేదో గానీ, టమోటా వల్ల రైతుకు నొప్పి ఉందనేది మాత్రం మన కళ్ళ ముందున్న సంగతి.

ఇదే ఊరికి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చారు. అనీబిసెంట్ పేరుతో ఉన్న దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసిన మనిషి. జనగణమనను టాగోర్ ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. ఈ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

అంతగా తెలియని సంగతి ఇంకొకటుంది. టాగోర్‌కు అత్యంత సన్నిహిత మిత్రుల్లో ఒకరు జగదీశ్ చంద్రబోస్. టాగోర్ మదనపల్లెకు రావడానికి సుమారు పదిహేను నెలల ముందు, 1917 నవంబర్ 30న, కలకత్తాలో బోస్ తన పరిశోధనా సంస్థను ప్రారంభించారు. ఆ రోజు పాడడానికి పాట రాసిచ్చింది టాగోరే.

మరి బోస్ కనిపెట్టింది ఏంటి? "మొక్కలకు ప్రాణముందని బోస్ కనిపెట్టాడు" అని మనం చిన్నప్పటి నుంచి చదువుతున్నాం. కాస్త ఆలోచించండి. విత్తనం నాటి, నీళ్ళు పోసి, కోత కోసే రైతుకు మొక్కకు ప్రాణముందని ఇంకొకరు చెప్పాలా? అది బోస్‌కు ముందే అందరికీ తెలుసు. మొక్కను గిల్లినా, వేడి చేసినా, విషం పెట్టినా దానిలో విద్యుత్ స్పందన పుడుతుందని యంత్రంతో గీత గీయించి చూపించడం బోస్ చేసిన పని. 1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఈ ప్రయోగాలు చేసి చూపించారు. తర్వాత క్రెస్కోగ్రాఫ్ అనే పరికరం తయారుచేశారు. కంటికి కనిపించని మొక్క ఎదుగుదలను అది వేల రెట్లు పెద్దది చేసి చూపించేది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్కంటే ఆయనకు చాలా ఇష్టం. మొక్కల్లోనూ నాడుల్లాంటి ఏర్పాటు ఉందని చివరిదాకా వాదించారు. అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. కానీ మొక్కల లోపల విద్యుత్ సంకేతాలు పరుగెడతాయన్న మాట మాత్రం ఈ రోజు ఎవరూ కాదనరు.

ఆ తర్వాతి కథలో మన టమోటా హీరో అయింది. జోక్ కాదు. గాయపడిన మొక్క ఏం చేస్తుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడిన మొక్కల్లో టమోటా ఒకటి. అమెరికాలో క్లారెన్స్ రయాన్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు. పురుగు ఒక ఆకును కొరికితే, కొరకని ఆకుల్లో కూడా పురుగుకు అరగని పదార్థం తయారవుతోంది. అంటే ఈ ఆకు నుంచి ఆ ఆకుకు కబురు పోతోంది. 1991లో ఆయన బృందం ఆ కబురు మోసే పదార్థాన్ని పట్టుకుంది. దాని పేరు సిస్టమిన్.

ఇంకో విచిత్రం వినండి. 1988లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, టమోటా ఆకులకు ఆస్పిరిన్ ఇస్తే గాయానికి వచ్చే ఈ స్పందన ఆగిపోతుంది. అవును, తలనొప్పికి మనం వేసుకునే ఆస్పిరినే! అంతకు నూరేళ్ళ ముందు ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అత్తిపత్తి మొక్కకు ఈథర్ మత్తు ఇచ్చి చూశాడు. మత్తులో ఉన్నంతసేపు ముట్టుకున్నా అది ముడుచుకోలేదు.

ఇక 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన వచ్చింది. మీరు చూసే "టమోటా అరుస్తుంది" రీల్స్ అన్నీ అక్కడి నుంచి పుట్టినవే. నీళ్ళు లేక వాడిన టమోటా, కాండం కోసిన టమోటా గంటకు 30 నుంచి 50 దాకా టిక్ టిక్ శబ్దాలు చేస్తాయి. బాగున్న మొక్క గంటకు ఒక్కటి కూడా చేయదు. ఆ శబ్దాలు మన చెవికి వినపడనంత పై స్థాయిలో ఉంటాయి.

ఇంతవరకూ వింటే మా చిన్నాయన గెలిచినట్టే ఉంది కదా? ఆస్పిరిన్ పనిచేస్తోంది, మత్తు పనిచేస్తోంది, అరుపు కూడా దొరికింది. ఇంకేం కావాలి?

ఒక్క నిమిషం ఆగండి. వేడి పెనం మీద ఎప్పుడైనా మీ చెయ్యి తగిలిందా? ముందు చెయ్యి వెనక్కి వస్తుంది. ఆ తర్వాతే "అమ్మా!" అంటాం. చెయ్యి లాగిన పని వెన్నుపాముది. "అమ్మా" అన్నది మెదడు. మధ్యలో ఉన్న ఆ రెప్పపాటు తేడానే ఈ ఎపిసోడ్ మొత్తానికి కీలకం. దెబ్బకు శరీరం స్పందించడం ఒకటి, ఆ దెబ్బను బాధగా అనుభవించడం ఇంకొకటి. మత్తులో ఉన్న మనిషికి ఆపరేషన్ చేస్తున్నప్పుడు కూడా శరీరం స్పందిస్తుంది, గుండె వేగం మారుతుంది. కానీ అనుభవించే మనిషి అక్కడ మెలకువగా లేడు.

మొక్కలో మనం చూసిందంతా ఆ మొదటి రకం. ఆ టిక్ టిక్ శబ్దాలు నీటి గొట్టాల్లో గాలి బుడగలు పగలడం వల్ల వస్తుండొచ్చని పరిశోధకులే అన్నారు. ఆస్పిరిన్ ఆపింది ఒక రసాయన దారిని. ఈథర్ ఆపింది కణాల్లోని విద్యుత్తును. ఈ సంకేతాలన్నీ ఒకచోట చేరి "నాకు బాధగా ఉంది" అనిపించే మెదడు గానీ, దాని పని చేసే ఇంకో ఏర్పాటు గానీ మొక్కలో ఇంతవరకు దొరకలేదు. 2019లో లింకన్ టైజ్, ఆయనతో పాటు కొందరు వృక్షశాస్త్రవేత్తలు ఇదే మాట గట్టిగా రాశారు. మొక్కలకు అనుభూతి లేదు, దాని అవసరమూ లేదు అన్నారు.

అవసరం లేకపోవడమేంటి? నొప్పి దేనికి పనికొస్తుందో చూడండి. పారిపోవడానికి, ఇంకోసారి అటు పోకుండా గుర్తుంచుకోవడానికి. టమోటా మొక్క ఎక్కడికి పారిపోతుంది? పిలకలు తుంచితే ఇంకా బాగా కాస్తుంది. ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది. దాని బతుకు లెక్కే వేరు.

అలాగని మన పాతవాళ్ళు తెలివి తక్కువ వాళ్ళేం కాదు. మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడికి చెట్ల గురించి చెబుతాడు. ఎండకు ఆకు వాడుతుంది కాబట్టి చెట్టుకు స్పర్శ ఉంది, తీగ దారి వెతుక్కుంటూ పోతుంది కాబట్టి చూపు ఉంది అంటాడు. ఇవి గుడ్డి నమ్మకాలు కాదు, కళ్ళతో చూసి చేసిన వాదనలు. జైనులైతే జీవుల్ని ఇంద్రియాల లెక్కన విభజించారు. మొక్కలకు ఒక్కటే ఇంద్రియం, స్పర్శ. జంతువులకు ఐదు దాకా. గమనించండి, మొక్కకు కూడా ప్రాణం, అనుభవం ఉన్నాయని ఒప్పుకున్న జైనులు "కాబట్టి రెండూ ఒకటే, ఏదైనా తినొచ్చు" అనలేదు. ఇంద్రియాలు ఎక్కువ ఉన్న జీవిని హింసిస్తే తప్పు ఎక్కువ అన్నారు. మా చిన్నాయన వాదన వాళ్ళ దగ్గర నిలవదు.

పుంగనూరు: మూడడుగుల ఆవు, 50 రూపాయల జరిమానా

మదనపల్లె నుంచి పుంగనూరు దగ్గరే. ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది ఒక ఆవు వల్ల. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే పొట్టి జాతి. మెట్ట పొలాల్లో తక్కువ మేతతో బతికేస్తుంది, పాలల్లో వెన్న ఎక్కువ. ఒకప్పుడు అంతరించిపోయే దశకు వచ్చింది. పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం ఈ జాతిని నిలబెట్టడానికి పనిచేసింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఢిల్లీ ఇంట్లో ఈ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక డిమాండ్ ఇంకా పెరిగింది.

ఆవును మనం దేవతలా చూస్తాం. దాని నొప్పిని మాత్రం ఎంతవరకు చూస్తాం?

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. మా తాత దగ్గర ఒక కోడెదూడ ఉండేది. సేద్యానికి పనికిరావాలంటే విత్తులు నలగ్గొట్టాలి. ఒక రోజు నలుగురు మనుషులు దాన్ని తాళ్ళతో పడేశారు. నేను తల దగ్గర తాడు పట్టుకున్నాను. మత్తు సూది లేదు, ఏమీ లేదు. అది పెద్దగా అరవలేదు కూడా. కళ్ళు మాత్రం ఇంత పెద్దవయ్యాయి. "అరవలేదు కదా, దానికేం నొప్పి లేదులే" అన్నారు ఒకాయన. మా తాత ఏమీ అనలేదు. కానీ ఆ రాత్రి రెండు మూడుసార్లు లేచి కొట్టంలోకి పోయి చూసి వచ్చాడు. చెవులు వాలాయా, నెమరు వేస్తోందా, ముక్కు మీద చెమ్మ ఉందా అని.

చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిందేంటంటే, మా తాత చూసినవాటిలో కొన్నిటినే 2015లో డెన్మార్క్ పరిశోధకులు పాడి పశువుల నొప్పి కొలబద్దలో పెట్టారు. చెవుల తీరు, ముఖం బిగుసుకోవడం, వీపు వంచి నిలబడడం, చుట్టూ ఏం జరుగుతున్నా పట్టించుకోకపోవడం. మరి పశువు ఎందుకు అరవదు? అడవిలో వేటాడబడే జాతి అది. నొప్పిని బయటపెడితే పులి ముందు దాన్నే పట్టుకుంటుంది. అందుకే దాచుకుంటుంది. మౌనంగా ఉందంటే నొప్పి లేదని కాదు.

ఈ మౌనాన్ని మనుషులు ఎలా వాడుకున్నారో చూస్తే చరిత్ర కొంచెం భయపెడుతుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ జంతువులు యంత్రాల్లాంటివని రాశాడు. ఆయన తర్వాత వచ్చిన కొందరు బతికున్న కుక్కల్ని కోసి చూసేటప్పుడు ఆ అరుపుల్ని గడియారం చప్పుడుతో సమానం చేశారు. 1789లో ఇంగ్లండ్‌కు చెందిన బెంథామ్ దీనికి అడ్డం తిరిగాడు. జంతువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాదు, బాధపడగలదా అన్నదే మనం అడగాల్సింది అన్నాడు.

మన నేల మీద ఈ ఆలోచన ఇంకా పాతది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి అనే ఊరుంది, కర్నూలు జిల్లా. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. బలుల కోసం ప్రాణులను చంపొద్దని, మనుషులతో పాటు పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని వాటిలో ఉంది. ఇప్పుడు ఢిల్లీలో ఉన్న అశోక స్తంభం మీద ఇంకో వివరం ఉంది. కొన్ని రోజుల్లో ఎద్దులకు, పొట్టేళ్ళకు విత్తులు తీయకూడదు, కొన్ని రోజుల్లో గుర్రాలకు, ఎద్దులకు వాతలు పెట్టకూడదు. అంటే పూర్తిగా మానమనలేదు, కొన్ని రోజులైనా ఆపమన్నాడు. సేద్యం నడవాలి, జాలీ ఉండాలి. ఆ రెంటి మధ్య నలిగిన రాజు మాట అది.

ఇప్పుడు మళ్ళీ మదనపల్లె వైపు ఒకసారి చూడాలి. టాగోర్ దిగిన కాలేజీని నడిపింది దివ్యజ్ఞాన సమాజం. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో, పెరిగింది అడయారులోని అదే సమాజంలో. ఆ అడయారు వాళ్ళలోనే ఇంకొకరు రుక్మిణీదేవి అరండేల్. మనకు కళాక్షేత్ర, భరతనాట్యం వల్ల తెలిసిన పేరు. 1952లో ఆమె రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మరుసటి ఏడే జంతు హింసను ఆపే బిల్లు సొంతంగా తెచ్చారు. అప్పటిదాకా మనకున్నది 1890లో బ్రిటిష్ వాళ్ళు చేసిన చట్టం. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇవ్వడంతో ఆమె బిల్లు వెనక్కి తీసుకున్నారు. కమిటీ వేశారు. చివరికి 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆమే.

ఆ చట్టం ఆపాలన్నది "అనవసరమైన" నొప్పిని. అంటే అవసరమైన నొప్పి కూడా ఉందని ఒప్పుకున్నట్టే కదా? పశువుకు కొమ్ములు తీయడం, విత్తులు తీయడం, వాత పెట్టడం, ముకుతాడు వేయడం, ఇవన్నీ నిర్ణయించిన పద్ధతిలో చేస్తే నేరం కాదని అందులోనే రాశారు. మతం కోరిన పద్ధతిలో జంతువును చంపడం కూడా ఈ చట్టం కింద నేరం కాదు. దీనికి పదేళ్ళ ముందు, చిత్తూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1950లో గుళ్ళలో జంతుబలిని నిషేధిస్తూ వేరే చట్టం చేశారు. ఒక చట్టం వద్దంటుంది, ఇంకో చట్టం తప్పు కాదంటుంది. మధ్యలో మన జాతర నడుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. 1960 చట్టంలో మొదటి తప్పుకు వేసే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అప్పట్లో 50 రూపాయలంటే మాటలు కాదు. ఇప్పుడు మీ ఫోన్ రీఛార్జికి కూడా చాలదు.

ఇదంతా జంతువుల సంగతి, మనిషి విషయంలో ఇలా ఉండదు అనుకుంటున్నారా? ఇది వినండి. 1980ల మధ్య దాకా అమెరికాలో, ఇంగ్లండ్‌లో అప్పుడే పుట్టిన పిల్లలకు చాలా ఆపరేషన్లు సరైన మత్తు, నొప్పి మందు లేకుండా చేసేవారు. పసిబిడ్డ నాడులు ఇంకా ఎదగలేదు, ఏడుపు ఉత్త స్పందనే, గుర్తుండదు అనేవారు. మత్తు ఇస్తే ప్రాణానికి ప్రమాదమన్న భయం కూడా ఉండేది. భారత్‌లో పుట్టిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని పరీక్షించారు. బలమైన నొప్పి మందు ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆ తర్వాతే పద్ధతులు మారాయి.

మాట రాని బిడ్డకే ఈ గతి పట్టిందంటే, మాట రాని పశువు సంగతి ఇంకేం చెప్పాలి? నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనం మార్చినప్పుడు ఈ మాట చేర్చింది: నొప్పిని చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికైనా జంతువుకైనా నొప్పి లేదని అనుకోకూడదు.

మరి చెప్పలేని జీవికి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది? ఒక మంచి పరీక్ష ఉంది. 2000లో ఇంగ్లండ్‌లో కుంటుతున్న బ్రాయిలర్ కోళ్ళ ముందు రెండు రకాల దాణా పెట్టారు. ఒకటి మామూలుది, ఇంకొకటి నొప్పి మందు కలిపింది. కుంటే కోళ్ళు మందు దాణాను ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటుడు ఎక్కువైనకొద్దీ మందు ఎక్కువ తిన్నాయి. టమోటాకు ఆస్పిరిన్ మనం ఇచ్చాం. కోడి తన మందు తానే వెతుక్కుంది. స్పందనకు, బాధకు ఉన్న తేడా ఇక్కడ కనపడుతుంది.

కుప్పం: కరెంటు తీగకు రెండు వైపులా

పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా కిందికి దిగితే కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే మూల. 1980లలో కరువు వల్ల, అడవి తగ్గడం వల్ల తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు ఇటు రావడం మొదలుపెట్టాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఏనుగుకు హద్దు రాయి తెలీదు. అడవి దాటితే చెరకు, వరి, అరటి. ఒక్క రాత్రిలో ఏడాది కష్టం తొక్కేస్తుంది. పొలం కాపలాకు పోయిన మనుషులు ఏనుగుల దాడిలో చనిపోయారు. పంట చుట్టూ అక్రమంగా పెట్టిన కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి.

ఏనుగుకు నొప్పి ఉందా అని ఎవరూ అడగరు, అది చూసేవాళ్ళకే తెలుస్తుంది. 2014లో థాయ్‌లాండ్‌లో చేసిన పరిశీలనలో, ఒక ఏనుగు భయపడితే ఇంకొకటి దగ్గరికొచ్చి తొండంతో తడమడం నమోదు చేశారు. అంటే దానికి తన బాధే కాదు, పక్కదాని బాధ కూడా తెలుస్తుంది.

ఏనుగుల్ని అడవికి తిప్పి పంపడానికి కుప్పం దగ్గర ననియాల క్యాంపులో కుంకీ ఏనుగుల్ని పెట్టారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు ఇంకో నాలుగు కుంకీల్ని ఇచ్చింది. కుంకీ అంటే ఏంటి? చాలావరకు అది కూడా ఒకప్పటి అడవి ఏనుగే. పట్టి, బంధించి, లొంగదీసి నేర్పించిన ఏనుగు. ఒక ఏనుగుకు, ఒక రైతుకు దెబ్బ తగలకుండా చూడడానికి ఇంకో ఏనుగు స్వేచ్ఛను ఖర్చుపెడుతున్నాం. ఇది తప్పని నేను అనడం లేదు. ఆ పొలం గట్టు మీద రాత్రి కాపలా కూర్చునేది నేను కాదు కదా. కానీ లెక్క రాసేటప్పుడు దాని నొప్పిని కూడా రాయాలి. సున్నా అని రాయకూడదు.

నేను ఈ దారంతా తిరిగాక అర్థమైంది ఇదే. చరిత్రలో "వాటికి నొప్పి లేదు" అన్న మాట ఎక్కువసార్లు ఎవరి నోటి నుంచి వచ్చింది? వాటితో పని ఉన్నవాళ్ళ నోటి నుంచే. సేద్యం చేసేవాడు, ప్రయోగం చేసేవాడు, కోసి తినేవాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాబట్టి కాదు. నొప్పి ఉందని ఒప్పుకుంటే చెయ్యి వణుకుతుంది కాబట్టి. "మొక్కకూ నొప్పి ఉంది కదా" అన్న మాట కూడా చాలాసార్లు మొక్క మీద ప్రేమతో అనేది కాదు. నిజంగా మొక్క మీదే జాలి ఉంటే లెక్క ఇంకా తేలిక. ఒక పొట్టేలు పెరగడానికి అది తినే ఆకు దాని బరువుకు ఎన్నో రెట్లు. మొక్కల్ని తక్కువ చంపాలన్నా ముందు తగ్గించాల్సింది మాంసమే.

నేనూ మాంసం తింటాను ఫ్రెండ్స్, దాచుకోవడానికేం లేదు. మిమ్మల్ని మానమని చెప్పడానికి ఈ ఎపిసోడ్ చేయలేదు. తినేవాడు, పెంచేవాడు, లాభపడేవాడు నిజం ఒప్పుకుంటే మారేవి చాలా ఉన్నాయి. కోడెకు విత్తులు తీసే ముందు పశువుల డాక్టర్ని పిలిచి మత్తు సూది వేయించడం. రోగం వస్తే వాతలు పెట్టకుండా ఉండడం. మూడడుగుల ఆవును ముచ్చటపడి కొనే ముందు దానికి తిరగడానికి చోటుందా అని చూసుకోవడం. జబ్బు చేసిన గొడ్డును లారీలో కుక్కి పంపకుండా ఉండడం. ఇవేవీ పెద్ద విప్లవాలు కాదు. మా తాత ఆ రాత్రి కొట్టంలోకి పోయి చూసొచ్చినంత పనే.

పోయిన నెల మళ్ళీ అక్కవాళ్ళింటికి పోయాను. పిల్లోడు కొంచెం పొడుగయ్యాడు. మిద్దె మీద కూర్చున్నప్పుడు నేనే కదిలించాను. "పోయినేడు నువ్వొకటి అడిగినావే, గుర్తుందా? నేను అబద్ధం చెప్పినాను రా. దానికి నొప్పేసింది" అన్నాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసు మామా" అన్నాడు. ఇంకొంచెం సేపటికి, "మరి టమోటాకు?" అని అడిగాడు.

"టమోటాకు దెబ్బ తెలుస్తుంది, బాధ తెలీదు. ఇంతవరకు దొరికిన సాక్ష్యం అదే. రేపు కొత్తగా ఏదైనా తెలిస్తే నీకే ముందు చెప్తాను" అన్నాను.

వాడు తలూపి కిందికి పోయాడు. ఈ ఏడు వాళ్ళింట్లో పొట్టేలు లేదు. ఒక పుంగనూరు దూడ ఉంది. వాడు పోయింది దాని నీళ్ళ తొట్టి నిండిందో లేదో చూడ్డానికి.

మీ ఇంట్లో ఎవరైనా చిన్నపిల్లలు ఇదే ప్రశ్న అడిగితే, దయచేసి నవ్వకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు.